ఎల్లమ్మ ఒడిలో నీలి జొన్నలు

అది 1943, మృగశిర కార్తె. కేతేపల్లి పక్కన ఒక ఊళ్లో బక్కయ్య పటేలు మెట్టచేను, అక్కడి మాటలో చెలక. వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన నన్ను ‘డిమాన్‌స్ట్రేషన్’ కోసం, అంటే రైతు చేలోనే చేసి చూపించడం కోసం, అక్కడికి పంపారు. పని చిన్నదే. కాపర్ సల్ఫేట్‌ను, అదే మన మైలుతుత్తాన్ని, మట్టి గోలెం నీళ్లలో కరిగించి, జొన్న విత్తనాలు కాసేపు ముంచి నీడన ఆరబెట్టాలి. కంకిని నల్లపొడి చేసే కాటుక తెగులు రాదు. చిటికెడు రాగి అందితే మొలకకు సత్తువ కూడా అని మా అధికారి నమ్మకం. ఆ చిటికెడు రాగికి నేను బండెడు మాటలు కలిపేవాణ్ణి.

“గీ గింజ ఒక్కటి పడితే మామూలు గింజలు రెండు పడ్డట్టే!” అని చేతులూపి ప్రకటించాను. ఎడ్లు తప్ప ఎవరూ తల ఊపలేదు.

ఎడ్లకు విత్తే గొర్రు కట్టారు. దాని వెనక నడుస్తూ, ఒడిలోని విత్తనాలను పిడికిట్లోంచి జడ్డిగంలోకి, అంటే గొట్టాల మీది చెక్క గిన్నెలోకి, వదిలే పని ఎల్లమ్మది. ఆమె నీలి గింజలను తేరిపార చూసింది.

“సారూ, గివి తినొచ్చునా?”

“అయ్యో, విషం!”

ఎల్లమ్మ ఒడి విప్పి గింజలన్నీ గంపలో పోసేసింది. “అయితే నువ్వే విత్తుకో.”

నాకు తెలియని ఆచారం అప్పుడు తెలిసింది. విత్తడం అయ్యాక ఒడిలో మిగిలినవి విత్తిన మనిషివే. ఆ రాత్రి వాళ్లింట్లో ఉడికే జొన్న గట్క వాటితోనే. తెగులు కంటే ముందే నా మందు ఆమె పొయ్యి మీది కుండను పట్టుకుంది.

“కూలి ఇస్తున్న గదనే,” అన్నాడు బక్కయ్య.

“కూలి కూలే, ఒడి ఒడే. మా అత్త కాలం నుంచి గింతే, పటేలా. పిల్లలకు నీలం గట్క పొయ్యమంటవా?”

ఎండ ముదురుతోంది, నేలలో పదును ఆరిపోతోంది. బక్కయ్య ఒకసారి ఆకాశాన్ని, ఒకసారి నన్ను చూశాడు. ఆకాశమే నయమనిపించినట్టుంది.

“సరేనే తల్లీ! ఒడిలో ఎన్ని మిగిలితే అన్ని మంచి జొన్నలు కొలిచిస్త. నడు జర.”

ఎల్లమ్మ నవ్వి, నీలి గింజలు మళ్లీ ఒడిలో పోసుకుంది. సైన్సు గెలిచిందనుకున్నాను.

సాళ్లన్నీ అయ్యేసరికి ఆమె ఒడి నిండు చూలాలి పొట్టలా ఉంది. బక్కయ్య నోరు తెరిచాడు. “చేను విత్తినవా, ఒడి విత్తినవానే?”

“నన్నంటవేంది? ఒక్క గింజ పడితే రెండు పడ్డట్టేనని సారే చెప్పె. గందుకే సగమే పోసిన. ఏం సారూ, అబద్ధమా?”

ఇద్దరూ నా వైపు తిరిగారు. అబద్ధమంటే నా ఉద్యోగం పోతుంది, నిజమంటే పటేలు జొన్నలు పోతాయి. జొన్నలు పోవడమే మేలనుకున్నాను. “నిజమే,” అన్నాను, మైలుతుత్తం మింగినవాడి గొంతుతో.

బక్కయ్య మంచి జొన్నలు కొలిచిచ్చాడు. మిగిలిన నీలివి పక్క చెలకలో విత్తించాడు. ఎల్లమ్మ మూట నెత్తిన పెట్టుకుని, దారి పొడుగునా ఏదో పాడుకుంటూ పోయింది.

మొలకలు పలచగా వచ్చాయి. ఇక బదిలీ తప్పదని నేను పెట్టె సర్దుకున్నాను. ఆ తర్వాత వానలు పడ్డాయి. ఎడంగా ఉన్న మొక్కలు చెరకులా లావెక్కాయి, కంకులు బరువుకు వంగాయి, వెతికినా కాటుక లేదు. మా అధికారి వచ్చి, “చూశావా రాగి మహిమ!” అన్నాడు. ఎల్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తెగులు పోవడం రాగి పుణ్యమే. కంకి బరువు రాగిదో, ఆమె బిగి పిడికిలిదో నేనిప్పటికీ తేల్చలేను.

బక్కయ్య తేల్చేశాడు. “వచ్చే ఏడు మందు తే సారూ. ఎల్లమ్మను నేను పిలుస్త. నువ్వు మాత్రం మాట్లాడకు.”

ఇప్పుడు ఏ చేనుకు వెళ్లినా, విత్తే మనిషికి సాయంత్రం ఏ జొన్నలు ఇస్తారని ముందు అడుగుతాను. ఆ జవాబు వచ్చాకే గోలెంలో నీళ్లు పోస్తాను.