నా మొక్కు తుంచిన సామి

నా చిన్నప్పుడు చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్ ఇళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ‘ఏం చిన్న సామీ, గోలీలాడతా ఉండావా? పాపం గదప్పా!’ అని ఆటపట్టించేవాళ్లు. నేను నడక కూడా నేర్వకముందు, భూమి అడుగున బండ పగిలి మా నాయన లోపల చిక్కుకున్నాడట. మొగుడు ప్రాణాలతో పైకొస్తే కొడుకును చర్చికి గురువుగా ఇచ్చేస్తానని మా అమ్మ, గనిలోకి దిగే షాఫ్ట్ ముందు మోకాళ్ల మీద మొక్కుకుంది. నాయన పైకొచ్చాడు. గాయాలు మానగానే మళ్లీ లోపలికి దిగాడు.

ఆ దిగడమే నన్ను పట్టుకుంది. గురువుల చదువు చెప్పే సెమినరీకి నేను పోనంటే గని ఆయన్ను ఉంచుకుంటుందని నాకు గట్టి నమ్మకం. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? పిల్లవాడి తలలో భయం దానంతటదే ఇల్లు కట్టుకుంటుంది.

ఏడో తరగతి అయ్యాక అమ్మ నన్ను మా చర్చి విచారణ గురువు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన లావుపాటి ముసలాయన, ముక్కోపి. అమ్మను బయట కూర్చోబెట్టి, నాకు కాగితం, పెన్సిల్ ఇచ్చి, గురువు కావాలని ఎందుకు అనుకుంటున్నావో నీ చేత్తోనే రాయి, సెమినరీవాళ్లు అడుగుతారు అన్నాడు. నేను ఒక్క వాక్యం రాశాను. ‘నేను రాకపోతే మా నాయన గనిలో చచ్చిపోతాడు.’

ఆయన అది చదివి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

‘మొక్కు మీ అమ్మది. పిలుపు నీకు రావల్ల. వచ్చిందా?’

లేదని తల ఊపాను. ఏడుపు ఆగలేదు.

‘ఏడవద్దురా. దేవుడు మీ నాయన్ను కుదువ పెట్టుకోలేదు. ఇది ఎవురికీ చెప్పొద్దు, నేను చూసుకుంటా’ అని ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయటికొచ్చి అమ్మతో, నీ కొడుక్కి తెలివి చాలదమ్మా, లాటిన్ వీడి తలకెక్కదు, నేను సెమినరీకి ఉత్తరం ఇయ్యను అన్నాడు. ‘వాడు క్లాసులో ఫస్టు సామీ!’ అని అమ్మ కొట్లాడింది. ఆయన కదల్లేదు. నన్ను తప్పించడానికి ఆడిన అబద్ధమని నాకు తెలుసు. దారిపొడుగునా అమ్మ ఆయన్ను తిడుతుంటే, నేను లోలోపల ఎగురుతూ నడిచాను.

ఏడాది తిరగకముందే బండ మళ్లీ పగిలింది. ఈసారి మా నాయన శవమే పైకొచ్చింది.

సామి ప్రార్థన చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

‘నా మొక్కు తుంచినావు. నా మొగుణ్ణి మింగినావు. ఇంగ యాడికొచ్చినావు?’

లైనంతా గుమిగూడింది. అంత లోతుకు మనుషుల్ని దించినవాళ్లను ఆ రోజు ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తిట్లన్నీ ఈ ముసలాయనకే. నేను రాసిన వాక్యం చదివిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

‘తప్పు నాదేనమ్మా’ అని చెప్పి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నా బడి ఆగిపోయింది. పొట్లాలు కట్టిన పేపర్లు చదువుకుని అక్షరం నిలుపుకున్నాను. అమ్మ ఆయన చెప్పే పూజకు మళ్లీ పోలేదు, ఆండర్సన్‌పేట చర్చికి నడిచిపోయేది. ఆయనకు బదిలీ అయింది. యాడికో కూడా నేను అడగలేదు.

ఇప్పటికీ పిల్లల్ని మొక్కుకునేవాళ్లున్నారు. ‘మా వాణ్ణి దేవునికి ఇచ్చేసినాం తాతా’ అని గొప్పగా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఇయ్యడానికి వాడేమన్నా కోడిపిల్లా? వాణ్ణి అడిగినారా? ఇలా అరిచి నాలుగిళ్లతో తగువు పెట్టుకున్నాను. అరవడం నాకు సులువే. అరవాల్సిన ఆ ఒక్క రోజు మాత్రం నోరు పెగల్లేదు. అమ్మ బతికినన్నాళ్లూ, చివరి మంచం మీద కూడా, ఆయన్ను శపిస్తూనే ఉంది. నేను పక్కనే కూర్చుని వింటూనే ఉన్నాను.

అమ్మా, వద్దన్నది ఆయన కాదు. నేను.