స్వామి ఉన్నడు, నంబర్ లేదు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా మోత్కూర్‌లో కంప్యూటర్ నేర్చుకున్న ఆడపిల్లంటే ఎంత విలువ ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటైనా ఉంటుందని నాకు తెలియదు. డిగ్రీ పరీక్షలు రాసేసి, కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి (ఫ్రేముకు ఇచ్చిన శ్రద్ధ కోర్సుకు ఇచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు), బస్టాండు ఎదురుగా పెళ్లికార్డులు అచ్చువేసే దుకాణంలో పనికి కుదిరాను. దుకాణం యజమానిని ఊరంతా కార్డుల చాచా అనేవారు. లగ్నపత్రిక అయినా, నిఖా కార్డు అయినా ఆయన చేతి మీదుగా పోవలసిందే. నా ఉద్యోగమల్లా కంప్యూటర్ తెర మీద గణపతిని అటూ ఇటూ జరపడం. చాచా అద్దాలు ముక్కు చివరికి దించి, "బేటీ, గణపతిని జర పైకి లేపు, పెండ్లికొడుకు నాయిన పేరు తొక్కుతున్నడు" అనేవాడు. నేను లేపేదాన్ని. అలా లేపుతూ లేపుతూ, దేశంలో నన్ను మించిన కంప్యూటర్ నిపుణురాలు లేదన్న నిశ్చయానికి వచ్చాను.

ఇక మా మామ సంగతి. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఎవరిదో ఆంబులెన్స్ నడిపి, చివరకు ఒక పాత బండిని సొంతం చేసుకుని ఊరికి తోలుకొచ్చాడు. తెల్ల రంగు, ఎర్ర గీత, లోపల స్ట్రెచర్, ఆక్సిజన్ సిలిండరు, పైన గిరగిర తిరిగే నీలం లైటు. సర్కారు బండి ఉండనే ఉంది, పిలిస్తే వచ్చేది కూడా. కానీ అది ఒక ఊరికి పోయి ఉన్నప్పుడే ఇంకో ఊళ్లో అవసరం పడితే ఎట్లా అన్నది మామ ఆరాటం. ఆ ఆరాటం వెనక మా అమ్మమ్మ ఉంది. గుండెనొప్పి వచ్చిన ఆమెను ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి తీసుకుపోయారట, దవాఖాన దాకా చేరలేదట. మామ ఆ మాట ఎన్నడూ ఎత్తడు. అమ్మే ఒకసారి నాకు చెప్పి, చెప్పినట్టు మామతో అనవద్దంది.

ఇంత మంచి ఉద్దేశంతో వచ్చిన మనిషిని ఊరు ఎట్లా ఆదరించాలి? మామ హోటల్లో చాయ్ తాగడానికి కూర్చుంటే పక్క బెంచీ ఖాళీ అయ్యేది. సైరన్ పనిచేస్తుందో లేదో అని ఒకసారి మోగిస్తే, వీధి వీధంతా బయటికి వచ్చి ఎవరు పోయారని ఆరా తీసి, ఎవరూ పోలేదని తెలిసి మామను తిట్టింది. "జర నా నంబర్ ఫోన్ల ఎక్కించుకో అన్నా" అని మామ బతిమిలాడితే, "నా ఫోన్ల వద్దురా, మా బావమరిది ఫోన్ల ఎక్కించు" అన్నవాడు ఒకడు. ఆంబులెన్స్ నంబరు దగ్గర పెట్టుకోవడమంటే ఆపదను పేరు పెట్టి పిలవడమేనని మా వైపు పట్టింపు. పెళ్లిచూపులకు పోయినచోట బండి ఏం బండి అని అడిగితే మామ 'తెల్ల బండి' అని మాత్రం చెప్పి తలదించుకునేవాడు.

అప్పుడు మామకు క్యాలెండర్ ఆలోచన వచ్చింది. పైన యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహ స్వామి, నడుమ తిథులు, వారాలు, అడుగున ఎర్రటి పట్టీలో ఆంబులెన్స్ నంబరు. చాచా దుకాణంలోనే అచ్చు. గణపతిని జరిపిన అనుభవంతో స్వామిని నేనే నిలబెట్టాను. మామ కట్టలన్నీ గుట్టకు మోసుకుపోయి, స్వామి సన్నిధిలో పెట్టి మొక్కి, తెచ్చి ఊరూరా పంచాడు. ఆశ్చర్యం! ఒక్కరూ కాదనలేదు. కళ్లకద్దుకుని మరీ తీసుకున్నారు. మామ ఆ వారమంతా మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

తర్వాత కొద్దిరోజులకు పెళ్లికార్డు అచ్చు చూపించడానికి నేనొక ఇంటికి వెళ్లాను. గోడ మీద మా స్వామి. సంతోషంతో దగ్గరికి పోయి చూస్తే అడుగున ఎర్ర పట్టీ లేదు. కత్తెరతో నున్నగా కోసేశారు. ఇంకో ఇంట్లో బ్లేడుతో, మరో ఇంట్లో కొడవలితో, ఒక మాస్టారి ఇంట్లో గీత వంకర పోకుండా స్కేలు పెట్టి. ఊరూరా స్వామిని ఉంచుకున్నారు, మామను కోసిపడేశారు. ఒక అవ్వనైతే నేను తలుపు దగ్గరే పట్టుకుని అడిగాను. (ఆమెకు ఇంట్లో మేం పెట్టుకున్న పేరు క్యాలెండర్ అవ్వ. మోత్కూర్ అవతల ఊరు. ఈ కథలో మళ్లీ వస్తుంది.)

"నంబర్ ఎందుకు కోసినవ్ అవ్వా?"

"సాముల్ని ఇచ్చిన్రు, సల్లగుండాలె. గా దవాఖాన బండిని గోడకు కట్టుకుంటమా బిడ్డా? రోజు లేవంగనె దాని మొఖం చూడాల్నా? పో పో, మజ్జిగ తాగి పో."

మజ్జిగ తాగి వచ్చాను. మామతో చెప్పక తప్పలేదు. మామ విన్నాడు. తర్వాత నార్కట్‌పల్లి టమాటల సేట్‌కు ఫోన్ చేశాడు. బండి అమ్మేస్తాను, వచ్చి చూసుకోమన్నాడు. స్ట్రెచర్ పీకేస్తే టమాట పెట్టెలు బాగా పడతాయని సేట్ చాలా రోజుల నుంచి వెంటపడుతున్నాడు. ఫోన్ పెట్టేసి మామ బండి అద్దం తుడుస్తూ నిలబడ్డాడు. మామ కళ్లు అట్లా ఎర్రబడటం నేనెన్నడూ చూడలేదు. నాకు దుఃఖం, దాంతోపాటే విపరీతమైన తెలివి ముంచుకొచ్చాయి.

"మామా, నేను వెబ్‌సైట్ చేస్త!"

"అదేంది, గోడలకు రాసేదా?"

"గోడ లేదు, ఏం లేదు. ఎవ్వలింట్ల ఉండది. ఫోన్ల వెతికినోనికే కనవడ్తది."

మామ చాచా వంక చూశాడు. చాచా, "కానియ్యి బేటీ, కంప్యూటర్ ఖాళీగనే ఉన్నది" అని దీవించాడు.

అప్పటికి నేను చేసిన వెబ్‌సైట్ ఒకే ఒక్కటి, ఒక ఫంక్షన్ హాలుది. అది కూడా ఎక్కడో ఉచితంగా దొరికిన నమూనాలో పేర్లు మార్చినదే. తెరవగానే సన్నాయి మోగేది, పైనుంచి మల్లెపూలు రాలేవి. కింద నింపడానికి గళ్లు ఉండేవి: వధువు, వరుడు, ముహూర్తం తేదీ, అతిథుల సంఖ్య. నేను ఫంక్షన్ హాలు ఫొటో తీసేసి మామ బండి ఫొటో పెట్టాను. పేరు మార్చాను. మామ ఫోన్‌లో చార్జింగ్ ఎప్పుడూ ఉండదు కాబట్టి నా నంబరు పెట్టాను. అయిపోయిందని చేతులు దులుపుకున్నాను. చాచా వచ్చి తెర వంక చూసి గతుక్కుమన్నాడు.

"యా అల్లా! బేటీ, ఆంబులెన్స్ మీద పూలు పడుతున్నయ్. ఇది ఎవ్వని ఆఖరి సఫర్ అనుకుంటరు?"

శవయాత్రను తలపిస్తున్న ఆ పూలు ఆపడానికి నేను పడని పాట్లు లేవు. ఒకటి నొక్కితే సన్నాయి పెరిగింది. ఇంకోటి నొక్కితే బండి తలకిందులైంది. చివరకు పూల రంగు మార్చగలిగాను గానీ రాలడం ఆపలేకపోయాను. మల్లెలు గులాబీలయ్యాయి. "ఇప్పుడు పెండ్లి లెక్కనే ఉన్నది, పర్వలేదు" అన్నాడు చాచా. గళ్ల సంగతి నాకు గుర్తే లేదు.

మూడు నాలుగు రోజులకు ఒక బుకింగ్ వచ్చిందండీ! మామను పరిగెత్తించి పిలిపించాను. ముగ్గురం తెర ముందు తలలు చేర్చి చదివాం. వధువు గడిలో ఒక అమ్మాయి పేరు. వరుడి గడిలో ఒక అబ్బాయి పేరు. ముహూర్తం తేదీ దగ్గర ఆ నెల చివర. అతిథుల సంఖ్య దగ్గర ఇలా ఉంది: 'ఒక్కరు. ఇంకా రాలేదు.'

"ఎవడో పరాచికాలాడుతున్నడు" అన్నాడు మామ నీరసంగా. నేను ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతల లారీ హోరు.

"అక్కా, నేను సిమెంట్ లారీ నడుపుత. మా ఇంటిదాని డెలివరీ టైముకు ఇంటికాడ ఉంటనో ఉండనో. మా అమ్మ ముంగట దవాఖాన బండి మాట ఎత్తితే చీపురు తీస్తది. అందుకే చాటుంగ ఫోన్ల వెతికిన, మీది దొరికింది. పెండ్లిదానిలెక్క ఉంది గని, బండి బొమ్మ ఉంది గద అని నింపిన. తేదీ డాక్టరమ్మ చెప్పిందే."

ఊరి పేరు అడిగాను. ఇంటి గుర్తు అడిగాను. క్యాలెండర్ అవ్వ కొడుకు! మామ ఎగిరి గంతేసినంత పని చేసి, మరుక్షణమే చతికిలబడ్డాడు. నెల చివరిదాకా సేట్ ఆగుతాడా?

సేట్ ఆగలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున వచ్చాడు, ఎన్ని పడతాయో చూసుకోవడానికి టమాటలతో నిండిన పెట్టెలు కూడా తెచ్చుకున్నాడు. ఆయన బండిలోపల వంగి పెట్టెలు పేరుస్తుంటే మామ బయట మొహం తిప్పుకుని నిలబడ్డాడు. నేను దుకాణం గడపలో ఏడుపు ఆపుకుంటున్నాను. నా ఫోన్ మోగింది.

"అక్కా! అతిథి ముందుగాలనే వస్తాండు! సర్కారు బండి ఇంకో ఊళ్లె ఉందట, టైమ్ పడ్తదట. మా అమ్మ ఫోన్ చేసి ఏడుస్తాంది. గోడకు క్యాలెండర్ ఉంది గద, కింద నంబర్ ఉంటది చూడే అన్న. ఏమంటదో ఎర్కేనా? స్వామి ఉన్నడు, నంబర్ లేదు అంటాంది! నేను మీ పూలదాన్నే తెరిచి చేస్తున్న, బండి పంపు అక్కా!"

నేను ఆ మాట సగం చెప్పేలోపే మామ స్టీరింగ్ ముందున్నాడు. దారి చెప్పడానికి నేను పక్కన ఎక్కాను. లోపల సేట్ ఉన్నాడన్న సంగతి బండి మలుపు తిరిగి, ఆయన "అరె! అరె!" అని అరిచేదాకా ఎవరికీ గుర్తులేదు. నీలం లైటు తిరిగింది. సైరన్ మోగింది. మామ మొహం చూడాలి అప్పుడు! టమాటలు దొర్లుతున్నాయి, సేట్ దొర్లుతున్నాడు, గొర్లమంద రోడ్డు విడిచి చేనులోకి ఎక్కింది.

క్యాలెండర్ అవ్వ క్యాలెండర్ చేతిలో పట్టుకునే గుమ్మంలో నిలబడి ఉంది. మామ, సేట్ చెరో పక్క స్ట్రెచర్ పట్టారు. (సేట్‌ను ఎవరూ అడగలేదు, తనూ ఎందుకని అడగలేదు.) కోడలిని ఎక్కించబోతుంటే అవ్వ అడ్డం నిలబడింది.

"ఆగు! బండి పడమటి మొఖం ఉన్నది. తూర్పుకు మలుపు!"

"అవ్వా, దవాఖానకు పడమరకే పోవాలె!"

"పోతప్పుడు ఎటన్న పో. ఎక్కేటప్పుడు మాత్రం తూర్పే."

అంత తొందరలోనూ మామ ఆ ఇరుకు వాకిట్లో బండిని ముందుకూ వెనక్కూ ఆడించి తూర్పుకు తిప్పాడు. కోడలు ఎక్కింది, వెనకే అవ్వ ఎక్కింది. మళ్లీ పడమరకు తిప్పుకుని బయలుదేరాం. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల చేతికి అందింది పిసికేది. ముందు టమాటలు అందాయి, తర్వాత సేట్ చేయి అందింది. నేను ముందు సీట్లో ఇంకెంత దూరమో చూద్దామని బండి కుదుపుల్లో ఫోన్ మీద ఎక్కడ నొక్కానో ఏమో, మన వెబ్‌సైట్ తెరుచుకుంది. బండి నిండా సన్నాయి మోగింది.

"ఎవల పెండ్లే ఇది?" అంది అవ్వ. ఆ పిల్ల అంత నొప్పిలోనూ పకపకా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయి ఆపబోతే అవ్వ నా భుజం మీద ఒక్కటిచ్చింది. "ఉండనియ్ బిడ్డా. శుభమాని మోగుతుంటె బంద్ చేస్తవెందుకు?" సైరన్, సన్నాయి కలిసి మోగుతుండగా దవాఖాన చేరాం. నర్సమ్మ తలుపు తీసి, ఎర్రగా తడిసిన సేట్ చొక్కా చూసి ముందు ఆయన్నే స్ట్రెచర్ మీద పడుకోమంది. టమాటలని నచ్చజెప్పేసరికి మా తల ప్రాణం తోకకు వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. ఆ మాట విని మామ ఆవరణలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ నిలబడటం ఎందుకో నాకు తెలుసు కాబట్టి నేను దగ్గరికి పోలేదు. సేట్ దగ్గరికి పోయాడు. వాచిన చేయి మామ భుజం మీద వేసి, "నాకు గీ బండి వద్దు తమ్మీ. నా టమాటలు జీపుల పోతయ్" అన్నాడు.

బిడ్డను చూసి బయటికి వచ్చిన అవ్వను అడిగాను, ఇప్పుడన్నా నంబరు గోడకు పెట్టుకుంటావా అని. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"గోడకెందుకు? గా ఫోన్ల ఉన్నది గద, పూలు పడేది. అక్కరున్నప్పుడు వస్తది, అక్కర తీరంగనె పోతది. ఇంట్ల ఉండది. అసొంటిదైతె మంచిది."

పల్లెల్లో ఆంబులెన్స్‌కు సొంత వెబ్‌సైట్ ఎందుకు ఉండాలని తర్వాత ఎందరో పెద్దలు నాకు బోధించారు. అవ్వ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేకపోయారు. ఆమె నాకు చెప్పి ఊరుకోక ఊరూరా చెప్పింది. ఆ బండి ఎక్కితే సన్నాయి మోగుతుందట, తూర్పుకు తిప్పమంటే తిప్పుతారట! కాన్పులకు ముందే తేదీ చెప్పి పెట్టుకోవడం మొదలైంది. కాన్పుకు పిలిచిన ఇల్లు గుండెనొప్పికీ పిలవడం నేర్చుకుంది. మామకు పిల్ల కూడా దొరికింది, 'ఆంబులెన్స్ బండి' అని పెళ్లిచూపుల్లో తలెత్తి చెప్పాడు.

ఇప్పుడు మామ దగ్గర బండ్లు పెరిగాయి, వెబ్‌సైట్‌ను హైదరాబాద్ కుర్రాళ్లెవరో చక్కగా తిరిగి కట్టారు. నేను వారాల తరబడి ఆపలేకపోయిన పూలను ఒక కుర్రాడు చాయ్ తాగుతూ ఆపేశాడు. వధూవరులు పోయారు, ముహూర్తం పోయింది. అతిథుల సంఖ్య గడి ఒక్కటి మాత్రం తీయొద్దని మామ పట్టుబట్టాడట. ఎందుకో ఆ కుర్రాళ్లకు అర్థం కాలేదట. పోయిన ఏడు నాకు నెలలు నిండుతున్నప్పుడు, మామకు ఫోన్ చేస్తే సరిపోయేదే అయినా, నేను కూర్చుని పేరు, ఊరు, తేదీ అన్నీ పద్ధతిగా నింపాను. ఆ గడి దగ్గరికి వచ్చి, 'ఒక్కరు. ఇంకా రాలేదు' అని రాశాను. రాసి, ఎందుకో తెర వంక చూస్తూ కాసేపు కూర్చున్నాను. పూలు రాలలేదు. తెర శుభ్రంగా, తెల్లగా ఉంది. అన్నీ తెలుసనుకునే ఆ పెళ్లికార్డుల పిల్లకు పూలు ఆపడం ఒక్కటి చేతకాలేదు. చేతకాకపోవడమే మంచిదయింది.