జిప్పుకు రెండో పక్క

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను పాతపట్నం నుంచి ఆమదాలవలసకు బదిలీ చేశారు. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ హోదా. పేరు పెద్దదే గానీ నా కింద ఉన్నవి పన్నెండు మిషన్లు, వాటిలో నడిచేవి తొమ్మిది. కోర్సు ఆరు నెలలు. ఆఖర్న బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి, అందరి చేతా జిప్పు ఉన్న స్కర్టు కుట్టించి చూస్తారు. మిగతా కుట్లు కాస్త అటూఇటూ అయినా ఊరుకుంటారేమో గానీ, జిప్పు దగ్గర మాత్రం ఎవరినీ వదలరు.

నేను నేర్పే పద్ధతి గోడ మీది చార్టులో ఉన్నదే. స్కర్టు అంచులు రెండూ లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, వాటి కింద జిప్పు పెట్టాలి. గుడ్డను నొక్కిపట్టే మామూలు ఫుట్ తీసేసి, జిప్పు పళ్లకు తగలకుండా పక్కనుంచి పోయే సన్నపాటి ఫుట్ బిగించాలి. ఎడమ పక్క పైనుంచి కిందికి కుట్టి, అడుగున సూది గుడ్డలోనే ఉంచి తిప్పి, కుడి పక్క కిందినుంచి పైకి పోవాలి. దారం తెంపే పని లేదు, ఒక్క ఊపులో అయిపోతుంది. ఇరవై ఏళ్లకు పైగా అలాగే నేర్పాను. ఆ ఒక్క ఊపంటే నాకు గర్వం కూడా.

ఎప్పుడూ మందపాటి నూలు గుడ్డ వచ్చేది. ఆమదాలవలసలో నా మొదటి బ్యాచ్‌కి మాత్రం జారుడు పాలిస్టర్ పంపారు. ఇక చూడండి, ఎవరి జిప్పు చూసినా అలలు అలలుగా లేచింది. నడుం దగ్గర ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. చేతులు కుదురుగా పెట్టరని అందర్నీ కోప్పడ్డాను.

వాళ్లలో నూకరత్నం ఒకతె. సముద్రం ఒడ్డు పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. అత్తాకోడళ్లిద్దరూ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట అమ్మేవారు. ఈమెకు మెడనొప్పి పట్టుకుంది. అత్త ఒక షరతు మీద పంపిందని చేరిన రోజే చెప్పింది. "ఆరు నెల్లు నీ గంప కూడా నేనే మోస్తాను. పాసయితే మిషను తొక్కుకో. నేదా, మళ్లీ గంపెత్తుకో, ఇంక కుట్టు మాటెత్తకు" అందట.

పరీక్షకు పదిహేను రోజుల ముందు నేను వరసల మధ్య తిరుగుతుంటే, నూకరత్నం జిప్పు మీద సుద్దతో గీతలు పెడుతూ కనబడింది. నడిమికొకటి, మళ్లీ ఆ సగాలకు నడిమికొకటి. గుడ్డ అంచుల మీదా అవే గీతలు. గీతకు గీత కలిపి గుండుసూదులు గుచ్చింది. ఎడమ పక్క కిందినుంచి పైకి కుట్టి, దారం తెంపి, కుడి పక్క కూడా కిందినుంచే మొదలుపెట్టింది. చార్టు చూడలేదా అని అరిచి మొత్తం విప్పించాను. జిప్పు చదునుగా వచ్చిందని నా కళ్లకు తెలుస్తూనే ఉంది. అయినా విప్పించాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

కానీ మనసు ఊరుకోలేదు. భోజనాల వేళ పిలిచి అడిగాను.

"వలకి తాడు కట్టడం ఇలాగే మేడం, మాయత్త నేర్పింది. ముందు కొసలు, నడుమ, సగం నడుమ ముడేస్తాం. నేపోతే వలంతా ఒకేపుకి జరిగిపోతాది. రెండు తాళ్లూ ఒక కొస నుంచే కట్టుకొస్తాం. ఎదురెదురుగా కడితే మెలి పడతాది" అంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక నాలుగు జిప్పులు కుట్టాను. నూలు మీద రెండు పద్ధతులూ ఒకలాగే వచ్చాయి. పాలిస్టర్ మీద నా జిప్పు అంచులు వేలి మందం తేడా వచ్చాయి, ఆమెది సమంగా నిలిచింది. సూది కింద గుడ్డను జరిపే మిషను పళ్లు అడుగునున్న జిప్పు పట్టీని లాక్కుపోతాయి, పైన ఫుట్ గుడ్డను ముందుకు తోస్తుంది. ఒక పక్క కిందికి, ఒక పక్క పైకి కుడితే గుడ్డ ఎదురెదురు దిక్కులకు జరుగుతుంది. రెండూ ఒకే దిక్కుకు కుడితే, జరిగినా సమంగా జరుగుతుంది. ఇన్నేళ్లూ నా తప్పును నూలు గుడ్డ దాచిపెట్టింది. బస్సు తప్పిపోయినా పట్టించుకోకుండా ఆ నాలుగు ముక్కలూ తిరగేస్తూ కూర్చున్నాను.

అయినా పరీక్ష అంటే భయం. పద్ధతికి వేరే మార్కులుంటాయి, పరీక్షలో మాత్రం చార్టులో ఉన్నట్టే కుట్టమని నూకరత్నానికి చెప్పాను.

"వంకరొస్తాదని తెలిసీ కుట్టాలేటి మేడం?" అంది.

మర్నాడు తరగతిలో అందరికీ రెండు పద్ధతులూ చూపించి, మీ ఇష్టం అన్నాను.

పరీక్ష రోజు ఎగ్జామినర్ నూకరత్నం మిషను దగ్గరే ఆగారు. ఇలా ఎవరు నేర్పారని అడిగారు. నేనేనండీ అని ముందుకొచ్చాను. నూకరత్నం ఊరుకుంటేనా!

"కాదండి, మాయత్త" అంది.

మీ అత్త టైలరా అన్నారాయన.

"సేపలమ్ముతాదండి."

ఆయన నవ్వలేదు. జిప్పు రెండుసార్లు పైకీ కిందికీ లాగారు. నడుం దగ్గర రెండంచులకూ టేపు పెట్టారు. నా చార్టు వైపొకసారి, నా వైపొకసారి చూశారు. పద్ధతికి మార్కులు తగ్గించారు గానీ, పాస్ చేశారు.

సర్టిఫికెట్ ఇచ్చిన రోజు అత్త కూడా వచ్చింది, ఖాళీ గంప చంకన పెట్టుకుని. గోడ మీద నేను కొత్తగా గీసిన చార్టు దగ్గర నిలబడింది. సుద్ద గీతలు, గుండుసూదులు, కిందినుంచి పైకి రెండు బాణాలు. చదువు రాదు గానీ బొమ్మ అర్థమైంది.

"ఇది మా వల తాడే కదేటి. దీనికి ఆరు నెల్లు పట్టిందేటి మీకు?" అంది.

కోడలితో అనలేదు, నాతోనే అంది. ఆరు నెలలు కాదు, ఇరవై ఏళ్లు పట్టిందని చెప్పాను.

ఆ తర్వాతి బ్యాచ్ నుంచి రిటైరయ్యే దాకా, మొదటి రోజు గుడ్డ ఇచ్చే ముందు ప్రతి మనిషినీ ఒకటే అడిగేదాన్ని: ఇంతకుముందు నీ చేతులు ఏం పని చేశాయి? జవాబు రిజిస్టర్‌లో పేరు పక్కన రాసుకుని, అప్పుడు పాఠం మొదలుపెట్టేదాన్ని.