కోర్టుకు సరిపడా జబ్బు

నా పద్నాలుగో ఏట నాకొక జబ్బు చేసింది. దాన్ని ఇద్దరు వకీళ్ళు, ఒక డాక్టరు, ఒక జడ్జిగారు, మా నాయనమ్మ కలిసి ఏడాది పైగా పెంచి పోషించారు. నన్ను మాత్రం అంత శ్రద్ధగా ఎవరూ పెంచలేదు.

అరవైల చివరి మాట ఇది. అప్పటికే మా ఇల్లు రెండు ముక్కలైంది. పెద్ద ముక్క గోల్నాకలో ఉండేది. అందులో నాయిన, నాయనమ్మ, నేను, మూసీ నది తన సొంత ఖర్చుతో పోషించే దోమలు. చిన్న ముక్క తార్నాకలో ఒక గది. అందులో అమ్మ, ఒక కిరసనాయిలు స్టవ్వు. నాయినది తుంగభద్రకు ఇటొడ్డు, పాలమూరు వైపు. అమ్మది అటొడ్డు, కర్నూలు వైపు. పెళ్ళిచూపులనాడు నది మోకాలిలోతే ఉందట, బట్టలు తడవకుండా నడిచి దాటారట. లోతు పెళ్ళయ్యాక తెలిసింది.

అమ్మకు యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం రావడంతో గొడవ మొదలైంది. "ఇంట్ల పుస్తకాలు సదిరే దిక్కులేదు గని, ఊరోళ్ళ పుస్తకాలు సదుర్తదట!" అంది నాయనమ్మ. మా ఇంట్లో ఉన్న పుస్తకమల్లా పంచాంగం. దాన్ని ఎన్నిసార్లు సర్దినా ఒక్కటే వరస. మాట మాట పెరిగింది, అమ్మ తార్నాక వెళ్ళిపోయింది. కోర్టు నన్ను నాయినకిచ్చింది, ఆదివారం మధ్యాహ్నాలు అమ్మకిచ్చింది. ఆ రోజుల్లోనే ఊరంతా ఇటువాళ్ళు, అటువాళ్ళు అని విడిపోయి కాలేజీలు మూసేశారు. ఈ విషయంలో మా ఇల్లు ఊరికంటే ముందుంది.

ఇక జబ్బు. ముందు నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ రెంటినీ వెతకడానికి వెళ్ళినట్టు నా గొంతు కూడా పోయింది. బళ్ళో హాజరు పిలిస్తే 'ప్రెజెంట్' అనడానికి నోరు వచ్చేది కాదు. అందుకని రోజూ మొదటి బెంచీలో కూర్చుని మరీ గైర్హాజరయ్యేదాన్ని. నాయనమ్మ దిష్టి తీసి తీసి మా వాడలో ఎండుమిరపకాయల ధర పెంచేసింది. నా మెడలో తాయెత్తులు ఎన్ని చేరాయంటే, నడుస్తుంటే ఆ చప్పుడుకు బర్రె వస్తోందనుకుని జనం పక్కకు తప్పుకునేవారు.

ఒకరోజు బడి నుంచి బయల్దేరి ఇంటికి వెళ్ళకుండా మూసీ ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాను. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాను. ఇంటికి పోవాలనిపించలేదు. ఎక్కడికీ పోవాలనిపించలేదు. ఉండాలని కూడా అనిపించలేదు. ఈ ఒక్క ముక్క ఉన్నదున్నట్టే చెబుతున్నాను. నాయిన వెతుక్కుంటూ వచ్చి భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆ సంగతి ఆదివారం దాకా ఆగకుండా తార్నాక చేరింది. అమ్మ మర్నాడే బౌద్ధనగర్‌లో ఒక వకీలును పట్టుకుని, పిల్లను నాకివ్వండని దరఖాస్తు పెట్టింది.

అసలు తమాషా అక్కడ మొదలైంది. అమ్మ గెలవాలంటే నాకు జబ్బుండాలి. నాయిన గెలవాలంటే నాకేమీ ఉండకూడదు. కాబట్టి కోర్టులో నాయిన, "పోరి మంచిగున్నది సార్, గుండ్రాయి లెక్క ఉన్నది" అని ప్రమాణం చేసి, అటునుంచి అటే నాకు కొత్త తాయెత్తు కట్టించుకొచ్చేవాడు. అమ్మ కోర్టులో, "బిడ్డ చేయి దాటి పోతాండాది" అని ఏడ్చి, తార్నాకలో ఇంటావిడ అడిగితే మాత్రం, "ఏం లేదక్కా, బాగా చదివి చదివి నీరసం" అనేది. నేను పుస్తకం తెరిచి ఆర్నెల్లయింది.

అమ్మ చూపించిన డాక్టరు 'మెలంకోలియా' అని రాసిచ్చాడు. వినడానికి పందిరి మీదికి పాకే పూలతీగలా ఉంది. అమ్మ పట్టుకున్న మా వకీలు చదువంతా ఉర్దూలో సాగింది. ఆయన ఎవరినో అడిగి దాన్ని తెలుగులో 'విషాదోన్మాదం' అని దించాడు. అమ్మ ఆ కాగితం చూసి లేచి నిలబడింది.

"ఉన్మాదమేంది? నా బిడ్డ యాడన్నా గుడ్డలు చించుకుంటాండాదా?"

"అరె, మీరు బైఠో అమ్మా. చిన్న జబ్బు రాస్తే జడ్జిసాబ్ కళ్ళకు ఆనదు. జర పెద్దగనే ఉండాలె."

"అంత పెద్దది మాకొద్దు. ఇంతకంటే చిన్నది ఏదన్నా రాయి."

చీర బేరంలా అరగంట సాగి, చివరికి 'మనోవ్యాకులత' దగ్గర తెగింది.

వాయిదా రోజున నాయిన నన్ను ఆరోగ్యవంతురాలిగా తయారుచేసేవాడు. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు, జడ కూడా స్తంభాలకు తీగ లాగినట్టే లాగేవాడు. కళ్ళ కొసలు చెవులదాకా పోయేవి. పౌడరు రాసేవాడు, బొట్టు దిద్దేవాడు, రెండు గారెలు బలవంతాన తినిపించేవాడు. ఇంత చేసినా కోర్టు మెట్లెక్కేసరికి నేను పౌడరు రాసిన గోడలా ఉండేదాన్ని. వరండా చివర అమ్మ కనిపించేది. నా ప్రమేయం లేకుండానే నా మొహం విచ్చుకునేది, లోపలికెళ్ళినా ముడుచుకునేది కాదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నగొద్దే పాపా! ఆయప్ప చూస్తాండాడు" అని పళ్ళ బిగువున అనేది. ఆయప్ప అంటే జడ్జిగారు. అమ్మ అలా అంటే నాకు నవ్వు ఇంకా వచ్చేది. నాయిన వకీలు వెంటనే లేచి, "చూడండి సార్, ఈ పిల్లకు ఏం రోగం? ఇకిలిస్తోంది" అనేవాడు.

చూశారుగా చిక్కు! అమ్మ దగ్గరుంటే బాగుంటాను కనుక అమ్మ ఓడిపోతుంది. గోల్నాకలో ఉంటే చిక్కిపోతాను కనుక నాయిన ఓడిపోతాడు. కానీ గోల్నాకలో చిక్కిపోవడం చూడటానికి జడ్జిగారు గోల్నాక రారు. ఆయన కంటపడేది అమ్మను చూసిన నేనే.

మూడో వాయిదాకో నాలుగో వాయిదాకో ఆయన విసిగిపోయి అందర్నీ తన గదిలోకి పిలిచారు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. "నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉందమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఎడమ పక్కన అమ్మ చీర కొంగు. కుడి పక్కన నాయిన, నా జడ లాగిన చేతులు కట్టుకుని. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అందులోంచి మాట కాదు గదా, ఆవలింత కూడా రాలేదు. గోడ గడియారం పెద్ద పెద్ద అడుగులు వేసింది. జడ్జిగారు కలం మూసేశారు. అమ్మ మొహం పాలిపోయింది. ఏమీ చెప్పకపోతే నేను ఉన్నచోటే ఉంటానని ఆ గదిలో అందరికీ తెలుసు.

అప్పుడు మా నాయనమ్మ ముందుకొచ్చింది. ఆమె నాయిన తరఫు సాక్షి. వారం నుంచి వకీలు ఆమెకు "పిల్ల మంచిగున్నది" అనే రెండు ముక్కలు వల్లె వేయించాడు. కానీ ఎదురుగా కోడలు కనిపించేసరికి రెండు ముక్కలూ ఎగిరిపోయాయి.

"గా పోరినేం అడుగుతవ్ సాబ్, నన్నడుగు. పోరికి మనాది అయింది! గీమెనే పెట్టింది మనాది!" అని అమ్మవైపు వేలు చూపించింది.

'మనాది' అన్న మాట గుంటూరులో లేదో, జడ్జిగారి చెవికి ఆనలేదో. "మియాదీ జ్వరమా? టైఫాయిడ్ అని కాగితాల్లో ఎక్కడా లేదే! ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు కంగారుగా, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని.

మా వకీలుకు ఇంకోలా వినపడింది. ఉర్దూ కోర్టుల్లో మియాద్ అంటే గడువు. "మియాద్ యాడ దాటింది హుజూర్? మా దర్ఖాస్తు టైముకే పడ్డది!" అని కాగితాల కట్ట విప్పాడు.

నాయిన వకీలు ఎందుకైనా మంచిదని, "గడువు దాటింది సార్" అన్నాడు.

ఒకరు జ్వరం కొలుస్తుంటే, ఇద్దరు తేదీలు లెక్కపెడుతుంటే, నాయనమ్మకు రేగింది.

"ఏం మనుషులయ్యా మీరు? మనాది అంటే తెల్వదా? జరం లేదు గిరం లేదు. ఒంట్ల ఏం లేదు. తల్లి ఇడిసిపెట్టి పోయినకాడికెల్లి పోరి లోపల్లోపల కుములుతున్నది. బుక్కెడు బువ్వ తినది, కన్ను మూయది. రాత్రంత తలుపు దిక్కే చూస్తది. తల్లి కండ్లబడ్డనాడే గింత మొఖం ఇప్పుతది. ఇంటికొస్తే మళ్ళ గంతే. గీమె చేసిన పాపం కాదా ఇది? అడుగుండ్రి!"

కోడలి మీద నేరం మోపిన తృప్తితో నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాయిన మాత్రం, "ఏందే అవ్వా, గట్లంటివి" అని నేలకేసి చూశాడు. ఆయన వకీలు ఏదో అనబోయి, అది తన సాక్షే అని గుర్తొచ్చి కూర్చున్నాడు. జడ్జిగారు మూసిన కలం మళ్ళీ తెరిచారు.

నెల తిరక్కుండా తీర్పొచ్చింది. పిల్ల ఆరోగ్యం కుదుటపడేవరకు తల్లి దగ్గర ఉండవచ్చు. ఆదివారాలు తండ్రి వచ్చి చూసిపోవచ్చు. ఆర్నెల్లకు మళ్ళీ తీసుకొచ్చి చూపించాలి. తగ్గితే తండ్రికి అప్పగించాలి.

అంటే, బాగుపడటానికి తార్నాక పంపారు, బాగుపడితే గోల్నాక పంపుతారు. మా వకీలు నా తల నిమిరి, "తగ్గాలె బేటీ. గని పూరా తగ్గొద్దు" అన్నాడు. ఇంత కచ్చితంగా మందు చీటీ రాసిన డాక్టరు నాకు తర్వాత కూడా దొరకలేదు.

తార్నాక వెళ్ళగానే బాగైపోలేదు. అమ్మ పక్కన పడుకుని కూడా దూలాలు చూస్తూ ఉండేదాన్ని. ఒంటరిగా వదలడం భయమై అమ్మ నన్ను తనతో లైబ్రరీకి తీసుకుపోయేది. వెనక బీరువాల మధ్య ఒక బల్ల ఉండేది. ఓ మధ్యాహ్నం ఆ బల్ల మీద, భూగర్భశాస్త్రం తలకింద పెట్టుకుని, తోటి పాఠకులు చేస్తున్న పనే నేనూ చేశాను. సాయంత్రం గంట కొట్టినా లేవలేదట. అమ్మ తాళాలతను దగ్గరికి పోయి, "అన్నా, ఇంకొంచెంసేపు తెరిచి పెట్టు" అని బతిమాలిందట. నేను లేచేసరికి ఇద్దరూ మెట్ల మీద గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. బయట క్యాంపస్ బండరాళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆకలేస్తోంది అన్నాను. అమ్మ పరుగున పోయి ఉడకబెట్టిన పల్లీలు తెచ్చింది. ఎన్ని తెచ్చిందంటే, హాస్టలు అమ్మాయిలందరికీ పంచినా మిగిలాయి.

ఆ తర్వాత నేను కోలుకోవడం ఆపడం అమ్మ తరం కాలేదు. బుగ్గలు వచ్చాయి. లంగా నడుములు వదులు చేసీ చేసీ కుట్టుమిషను ముసలాయన, "గుడ్డ అయిపోయింది, ఇక పిల్లను ఆపండి" అన్నాడు. వాయిదా దగ్గరపడుతోంది. "ఏమ్మే, ఈ పొద్దు కొంచెం తక్కువ తినకూడదా?" అనేది అమ్మ, సంగటి ముద్ద ఇంకోటి వేస్తూనే.

వాయిదా ముందటి ఆదివారం యూనివర్సిటీ రాతి కాలేజీ ముందు వాలులో అమ్మ నాకు సైకిలు నేర్పుతోంది. తనకు రాదు. సీటు వెనక పట్టుకుని, కుచ్చిళ్ళు దోపుకుని, కర్నూలు జిల్లా అంతా వినపడేలా "తొక్కే, తొక్కే!" అని అరుస్తూ పరిగెత్తుతోంది. నేను అంతకంటే గట్టిగా నవ్వుతున్నాను. అల్లంత దూరంలో నాయిన, చేతిలో బిస్కెట్ల పొట్లంతో నిలబడి ఉన్నాడు. అమ్మ చూసి సైకిలు వదిలేసింది. నేను ఒంటరిగా, చక్కగా, ఆగకుండా తొక్కుకుంటూ పోయి ఆయన కాళ్ళ దగ్గర సీతాఫలం పొదలో పడ్డాను. పడుతూనే నీరసం మొహం పెట్టాను. పొదలోంచి అది ఎంతవరకు కనిపించిందో తెలియదు.

"దెబ్బ తాకిందా బిడ్డా?"

"లే నాయినా."

"నిద్ర పడుతున్నదా?"

ఏ జవాబు చట్టప్రకారం మంచిదో తెలియక అమ్మవైపు చూశాను. అమ్మ చెట్టువైపు చూస్తోంది. "జరంత" అన్నాను.

నాయిన సైకిలు లేపాడు. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, వంకరపోయిన హ్యాండిల్ సరిచేశాడు. పొట్లం నా చేతిలో పెట్టి బస్సుస్టాపు వైపు వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. నేను కూడా తినలేదు. జబ్బు తిరిగొచ్చిందేమో అని మాకొక చిన్న ఆశ.

వాయిదా రోజున జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు. చూడటానికి చాలా ఉంది. మా వకీలు అసలు నావైపు చూడటమే మానేశాడు. "పిల్ల బాగానే కనిపిస్తోందే" అని జడ్జిగారు నాయినవైపు తిరిగారు. "మీరేమంటారు?"

నాయిన గొంతు సవరించుకున్నాడు.

"మీదికి గట్లనే కనిపిస్తది సార్. నేను పోయి చూసొస్తున్న గద. ఇంక తగ్గలే."

"తగ్గలేదా?"

"లే సార్. మొన్న నా ముంగటనే కింద పడ్డది."

అమ్మ ఒక్కసారి తలెత్తింది. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది ఆ రోజే. జడ్జిగారు నాయిననీ, అమ్మనీ, నా బుగ్గల్నీ వరసగా చూసి, తల వంచి చాలాసేపు రాసుకున్నారు. మరో ఏడాది తల్లి దగ్గరే, అన్నారు.

వరండాలో నాయిన చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను వెనకే వెళ్ళాను. ఈసారి మాట దానంతటదే వచ్చింది.

"నాయినా, ఆదివారం వస్తవా?"

"రాకపోతే ఎట్ల? నీకింక తగ్గలే గద" అన్నాడు, నావైపు చూడకుండా. చూస్తే ఇద్దరికీ నవ్వొస్తుంది, జడ్జిగారి గది తలుపు ఇంకా తెరిచే ఉంది.