బుజ్జిగాడికి తోడు వచ్చాక

మా కుందేలు బుజ్జిగాడు కుక్కర్ విజిల్ వేస్తేనే మంచం కిందికి దూరేవాడు. తోడుగా త్రిపురారం నుంచి ఆడ కుందేలును తెస్తే ఇద్దరికీ ఒకటే కొట్లాట. గొర్రెలు కాసే ఇంట పుట్టిన మా అత్తమ్మ ఒకే గోనెపట్టాతో ఇద్దరినీ మార్చి మార్చి రుద్దింది. తల్లిలేని గొర్రెపిల్లకు పరాయి తల్లి వాసన అలాగే అంటిస్తారట. కొట్లాట ఆగింది.

ఈ రోజు వాకిట్లోకి పిల్లి వచ్చింది. బుజ్జిగాడు పారిపోలేదు. ఆడ కుందేలుకు అడ్డంగా నిలబడి వెనక కాళ్లతో నేలను దబదబా బాదాడు. పిల్లి గోడ దూకి పోయింది.

"అత్తమ్మా, మన బుజ్జిగాడు పులైండు!" అన్నాను.

"కుక్కర్ విజిల్ వెయ్యనియ్, గప్పుడు సూద్దాం నీ పులి సంగతి" అంది అత్తమ్మ.

అంతలోనే విజిల్ వేసింది. ఇద్దరూ మంచం కిందికే పరుగెత్తారు. కానీ మావాడు ఆగి, ముందు ఆమెను పోనిచ్చి, తర్వాతే తాను దూరాడు.

మీ ఇంట్లో మగవాళ్లు ఎవరైనా అలా ఆగుతారా? నిజం చెప్పండి.