ఎనిమిది పాటలూ ఉండాల్సిందే

నేను పాడడం మానేసిన రోజుకి నాకు పంతొమ్మిదేళ్లు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. రాయ్‌పూర్‌లో యువ కళాకారుల సభ అని ఏదో పెట్టి, జిల్లాల నుంచి పిల్లల్ని పిలిచారు. స్టీల్ ప్లాంట్ ఊరు భిలాయ్ నుంచి నన్ను పిలిచారు.

పిలవడానికి కారణం ఒక క్యాసెట్. అంతకు ముందు ఏడాది పవర్ హౌస్ బజారులో క్యాసెట్ల దుకాణం నడిపే సేఠ్ నా చేత నాలుగు పాటలు చేయించి అమ్మాడు. నాలుగూ హిందీ ర్యాప్. టీవీలో చూసినవాళ్లలాగ గొంతు మార్చి, నాకు లేని కారు గురించీ నేనెప్పుడూ చూడని బొంబాయి గురించీ గడగడా వాగేశాను. అయినా ప్లాంట్ కాలనీ సెక్టార్లలో పిల్లలు నన్ను చూస్తే "ర్యాప్‌వాలీ దీదీ" అని కేకేసేవారు. ఆదివారం తెలుగు చర్చి క్వయర్‌లో పాడి, సోమవారం ఆ కేకలు వింటే లోపల ఎంత పొంగిపోయేదాన్నో.

సభలో రెండో పాట సగంలో ఉండగా నా మ్యూజిక్ ట్రాక్ ఉన్న సీడీ ఇరుక్కుపోయింది. ఒకే ముక్క టక్ టక్‌మని కొట్టుకుంటోంది. నాకు ఆ ట్రాక్ ఊతకర్ర. అది ఆగితే నేనూ ఆగిపోయాను. ముందు వరసలోంచి ఎవడో "అరే మద్రాసీ, ఇడ్లీ సాంబార్ గానా సునా" అన్నాడు. నవ్వులు. నన్ను పరిచయం చేస్తూ చర్చి క్వయర్ సంగతి చెప్పిన యాంకరే మైకు అందుకుని, "బేటీ, నువ్వు వెళ్లి మీ చర్చిలో పాడుకో. ఇది నీ వల్ల కాదు" అని, దానికి ఇంకా నవ్వులొచ్చేదాకా ఆగి, తర్వాతి వాళ్లని పిలిచాడు.

చర్చి అయినా దక్కిందా అంటే అదీ లేదు. మరుసటి ఆదివారం క్వయర్ చూసే పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "స్టేజీల మీద కోతి గంతులేసినోళ్లకి ఇక్కడ చోటు లేదమ్మా" అన్నాడు. ఒకరు చర్చికి పొమ్మన్నారు, చర్చి బయటికి పొమ్మంది. నేను రెండు చోట్లా నోరు మూసుకున్నాను.

తర్వాత మూడేళ్లు ఒక్క లైను రాయలేదు. ఆ మూడేళ్లలోనే నాన్న ప్లాంట్‌లో రైలు పట్టాలు చేసే రైల్ మిల్లులో ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాడు. రిసాలిలో ప్లాంట్ క్వార్టర్ ఖాళీ చేసి క్యాంప్ 1లో రెండు గదుల ఇంట్లోకి వచ్చాం. అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. నేను రిసాలిలోనే ఒక చిన్న హిందీ బడిలో మూడో తరగతికి టీచర్‌గా చేరాను.

ఆ తరగతికి పదిహేడో ఎక్కం వచ్చేది కాదు. ఎన్ని సార్లు రాయించినా "సత్రహ్ తియా", అంటే పదిహేడు మూళ్లు, దగ్గరకొచ్చి పిల్లలు గుటకలు మింగేవారు. ఒకరోజు విసుగెత్తి బల్ల మీద అరచేత్తో దరువేశాను. సత్రహ్ ఏకమ్ సత్రహ్, ధబ్, సత్రహ్ దూనీ చౌతీస్, ధబ్ ధబ్. పిల్లలూ బల్లలు వాయించారు. వారంలో తరగతంతటికీ వచ్చేసింది. హెడ్‌మాస్టర్ కిటికీలోంచి చూసి, "ఇది బడా, బారాత్ బ్యాండా?" అన్నాడు గానీ పరీక్ష మార్కులు చూశాక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఒక పిల్లాడి తల్లి గేటు దగ్గర నన్ను ఆపింది. ఛత్తీస్‌గఢీ మనిషి. కట్టుబడి పనుల్లో ఇటుకలు మోసే రేజా. చీర కొంగుకి సిమెంట్ అంటుకుని ఉంది.

"మేడమ్, ఏ గానా తైం బనాయే హస్ కా?" అంది. ఈ పాట నువ్వే కట్టావా అని.

"పాట కాదమ్మా, ఎక్కం" అన్నాను.

"ఎక్కమో గిక్కమో. మా వాడు ఇంట్లో రోజంతా ఇదే. నాకూ వచ్చేసింది. ఇప్పుడు ఇటుకలు మోసేటప్పుడు మేమందరం ఇదే పాడుతున్నాం. ఒకసారి వచ్చి విను."

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం వెళ్లాను. ఆరుగురు ఆడవాళ్లు తలల మీద ఇటుకలతో చెక్క మెట్ల మీదుగా ఎక్కుతున్నారు. అడుగుకో మాట పడుతోంది. సత్రహ్ చౌకే అడసఠ్ దగ్గర తలమీది బరువు దించుతున్నారు. మధ్యమధ్య వాళ్ల మాటలు కలిపేశారు. మేస్త్రీ పొట్ట మీద ఒక లైను, ఎండ మీద ఒక లైను, ఇంట్లో పడుకున్న మొగుడి మీద ఒక లైను. మేస్త్రీ వినబడనట్టు అటు తిరిగి బీడీ కాల్చుకుంటున్నాడు. అక్కడ ట్రాక్ లేదు, సీడీ లేదు, మైకు లేదు. ఒక్కరి మాట కూడా ఆగలేదు.

నాకు మొదట సిగ్గేసింది. వెంటనే కోపం వచ్చింది. ఎవడో నవ్వాడని మూడేళ్లు నోరు కట్టేసుకున్నానా నేను? ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా చెమట. చెప్పులు విప్పకుండానే నాన్నతో, "నాన్నా, నీ డోలక్ నాక్కావాలి. నువ్వూ కావాలి" అన్నాను.

నాన్న చర్చిలో డోలక్ వాయిస్తాడు. అడిగాడు: "మళ్లీ ఆ బొంబాయి కారు పాటేనా?"

"కాదు. మనూరి పాట."

"మనూరంటే ఏ ఊరే?" అన్నాడు.

ఆ ప్రశ్నే మొదటి పాటయింది.

అమ్మది పార్వతీపురం, అయ్యది రైల్ మిల్లు,
నాది క్యాంపు ఒకటి, నల్లా పక్క ఇల్లు.
ఏ ఊరు నీదంటే ఏటి సెప్పమంటావు?
ఈ బూడిద పీల్చినోల్ని ఏ ఊరు పంపుతావు?

జీవితంలో మొదటిసారి తెలుగులో ర్యాప్ కట్టాను. అదీ అమ్మ మాట్లాడే తెలుగులో.

రికార్డింగ్‌కి వైశాలి నగర్‌లో ఒక దీదీ ఒప్పుకుంది. నాకంటే పదేళ్లు పెద్ద, కంప్యూటర్ సెంటర్ నడిపేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా స్టూడెంట్లు రారు. ఆ టైము నాకిచ్చింది. కిటికీలకి బొంతలు కట్టాం. ఫ్యాను వేస్తే చప్పుడు మైకులోకి వస్తుందని ఆపేసేవాళ్లం. మే నెల భిలాయ్ ఎండలో ఫ్యాను లేని గది ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాన్న సైకిల్ మీద డోలక్ కట్టుకుని వచ్చేవాడు, బనీను తడిసి ముద్దయ్యేదాకా వాయించి, కుండలో నీళ్లు తల మీద గుమ్మరించుకుని మళ్లీ కూర్చునేవాడు. ఇనప గొట్టం మీద స్పానర్‌తో కొట్టాలన్నది ఆయన ఆలోచనే. "మిల్లులో ముప్పై ఏళ్లు ఇదే విన్నాను. ఇది లేకపోతే పాట ఖాళీగా ఉంది" అన్నాడు.

దీదీకి నేను ఒక్క షరతు పెట్టాను. ప్రతి పాటా ముందు చప్పట్లతోనే నిలబడాలి. నిలబడితేనే కంప్యూటర్‌లోకి ఎక్కాలి. రెండు పాటలు నిలబడలేదు, తీసి పారేశాను.

అమ్మని ఒప్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది. చిన్నప్పుడు వాళ్లూళ్లో ఊడ్పుల పాటలు పాడేదట. "బెడ్‌పాన్లు తీసేదాన్ని, నా పాట ఏటే, ఎవులింతారు?" అని కసిరేది. ఒకరోజు డ్యూటీ దిగి, నాన్నకి క్యారియర్ ఇవ్వడానికి సెంటర్‌కి వచ్చింది. నేను తన కూనిరాగంలో విన్న ఊడ్పుల పాటొకటి తప్పు వరసలో పాడుతుంటే తట్టుకోలేక, "అలగ కాదు, ఉండు" అని మైకు ముందుకి వచ్చేసింది. ఒక్కసారే పాడింది. దీదీకి తెలుగు రాదు. అమ్మ పాట అయ్యాక ఆవిడ హెడ్‌ఫోన్ తీసి అమ్మకి కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. ఆ పాట మధ్య మధ్యలో నేను హిందీలో ఆసుపత్రి వార్డు గురించి, రాత్రి డ్యూటీ చేసిన ఆయాల కాళ్ల గురించి చెప్పాను.

రేజాల పాటని వాళ్ల చేతే పాడించాం. సెంటర్‌లోకి ఎనిమిదిమంది వచ్చి, కుర్చీలొద్దని నేల మీద కూర్చున్నారు. మొత్తం ఎనిమిది పాటలు తేలాయి. మూడు హిందీ, రెండు తెలుగు, రెండు ఛత్తీస్‌గఢీ. ఒకదాంట్లో మాత్రం మూడూ కలిశాయి, షిఫ్టు సైరన్‌తో సహా.

పట్టుకెళ్లి సేఠ్‌కి వినిపించాను. దుకాణం వెనక గదిలో కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. "పని బాగుంది. కానీ ఇది కిచిడీ. తెలుగువి తీసెయ్. మీ అమ్మది తీసెయ్. ఆ కూలీల గొంతుల బదులు రాయ్‌పూర్ నుంచి ఒక మంచి గొంతు తెప్పిస్తాను. అప్పుడు వేస్తా."

"ఎనిమిదీ ఉండాలి సేఠ్‌జీ. ఆ గొంతులే ఉండాలి."

"ఎవరు కొంటారు?"

"కొనకపోతే మానెయ్యనివ్వండి. గొంతులు మార్చను."

బయటికి వచ్చాక వెనక్కి వెళ్లాలని అనిపించలేదు. దీదీ సెంటర్‌లోనే ఒక్కో సీడీ కాపీ చేసి, కవర్ మీద నా చేతిరాతతో తెలుగు, హిందీ లిపులు రెంటిలో రాశాం. పిల్లల తల్లిదండ్రులకి, రేజాలకి, నాన్న పాత షిఫ్టు మనుషులకి ఇచ్చాం. కొన్ని వారాలకి ఆటోల్లో వినబడడం మొదలైంది.

ఆ చలికాలం మా క్యాంపులో సాయంత్రం ఫంక్షన్ ఒకటి పెట్టారు. డాన్సులకీ ఆర్కెస్ట్రాకీ మధ్య నాకు పది నిమిషాలిచ్చారు. సౌండ్ అబ్బాయి వచ్చి ట్రాక్ సీడీ అడిగాడు. "లేదు భయ్యా. మైకులు రెండు చాలు" అన్నాను. నాన్న డోలక్‌తో కింద కూర్చున్నాడు. నేను ఇనప గొట్టం కొట్టాను. మూడో లైను దగ్గరే వెనక నుంచి "మద్రాసీ" అన్న అరుపొచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. దరువు ఆపకుండానే అటు తిరిగి హిందీలో అందుకున్నాను: "నువ్వు దాటే రైలు పట్టా మా నాన్న కాల్చిన ఇనుము, నువ్వెక్కే బండి దాని మీదే పోతుంది, మద్రాసీ అను, ఇంకా గట్టిగా అను, నీ గొంతుకీ దరువు నేనే వేస్తా." రేజాలు ముందు వరసలో లేచి నిలబడి చప్పట్లు అందుకున్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు, అది కూడా చూశాను. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. ఆర్కెస్ట్రావాళ్లు మూతులు ముడుచుకున్నారు.

ఆదివారం క్వయర్ పెద్దాయన నాన్నని ఆపాడు. "మీ అమ్మాయి సంఘం ముందు క్షమాపణ చెప్తే మళ్లీ క్వయర్‌లోకి తీసుకుంటాం" అన్నాడు.

నాన్న నా వైపు చూశాడు. నన్నే చెప్పమన్నట్టు.

"నేనేం తప్పు చేశానండి?" అన్నాను. "మా అమ్మ కాళ్ల నొప్పి గురించి పాడాను. దానికి క్షమాపణ చెప్పను."

క్వయర్‌లోకి తీసుకోలేదు. నేను చర్చి మానలేదు. ఆడవాళ్ల వైపు చాప మీద, మైకు లేకుండా, క్వయర్ కంటే గట్టిగా పాడేదాన్ని. పక్కనున్న మామ్మలు మొదట్లో మోచేత్తో పొడిచేవారు. తర్వాత వాళ్లూ గొంతు పెంచారు.

వేసవికి సేఠ్ మా బడి గేటు దగ్గరికి స్కూటర్ మీద వచ్చాడు. "ఆ ఇటుకల పాట అందరూ అడుగుతున్నారు. అదొక్కటి ఇవ్వు" అన్నాడు.

"ఎనిమిదీ" అన్నాను.

తల గోక్కున్నాడు, స్కూటర్ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆపాడు. "సరే, ఎనిమిదీ. కానీ ఏ అరలో పెట్టాలి దీన్ని? హిందీలోనా, తెలుగులోనా?"

"అది మీ తలనొప్పి" అన్నాను.

ఎనిమిది పాటలతో సీడీలు వేసి, వాటిని భజనలకీ పెళ్లి బ్యాండులకీ మధ్య ఎక్కడో మూల పెట్టాడు. నేను ప్రతి శనివారం బడి నుంచి వస్తూ ఆ దుకాణంలోకి దూరి, వాటిని మూలలోంచి తీసి గల్లాపెట్టె పక్కన వరసగా నిలబెట్టేదాన్ని. సేఠ్ చూసేవాడు. మరుసటి శనివారానికి అవి మళ్లీ మూలకి చేరేవి, నేను మళ్లీ తీసేదాన్ని.