నోరు పడిపోయినాక మిగిలిన క్యాంపు లెక్క

ఆ రోజు పొద్దున వాకిట్లో కూర్చుని కందిబేడలు చెరుగుతుంటే చాట చేతిలోంచి జారింది. కుడి చేయి నాది కానట్టు ఉంది. కోడల్ని పిలిచి “చాట ఇయ్యి” అనబోయి “చెప్పు ఇయ్యి” అన్నాను.

“ఏందత్తా, పొద్దున్నే చెప్పుతో ఏం పని? నన్ను కొట్టేకా?” అని సుజాత నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఒక పక్కకే వచ్చింది. అది చూసి సుజాత నవ్వు ఆపేసింది.

సింధూ, కిరణ్, నా కూతురి బిడ్డలు మీరిద్దరూ పూణెలో ఉన్నారు. నా జబ్బు సంగతి మీకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా తెలిసింది. అందుకే మొదటి నుంచి చెబుతున్నాను. చేయి ఇంకా రాతకు లొంగలేదు కాబట్టి మీ అత్త సుజాత రాస్తోంది. ఇలాంటి జబ్బు చేసినవాళ్ళు ఇంట్లో ఉంటే ఎవరైనా చదువుకోవచ్చు.

నా కొడుకు, మీ మామ నాగరాజు సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే పనిలో ఉన్నాడు. కబురు అంది వచ్చేసరికి నా మూతి వంకరపోయింది, మాట ఆగిపోయింది. పక్కింటి రామప్ప అప్పటికే తీర్పు చెప్పేశాడు.

“ఇది వాతమప్పా. ఆస్పత్రిలో సూది యేసినారంటే ఆ కాలూ చెయ్యీ మళ్ళ రావు. ఆంధ్రా పక్క నాటు వైద్యుడు ఉండాడు. మా చిన్నాయన ఆడనే లేసి నడిచినాడు.”

వాతానికి సూది పనికిరాదని కర్ణాటక అంచున ఉన్న మా పావగడ వైపు చాలామంది నమ్ముతారు. రామప్పను తప్పు పట్టలేను. ఆ మాట నేనే ఎందరికో చెప్పాను. ఇప్పుడు వద్దని చెప్పాలన్నా నోరు లేదు.

ఆటోలో తీసుకుపోయారు. వైద్యుడు చెవిలో ఆకు పసరు పోసి, కాలికీ చేతికీ నూనె రుద్ది, “మూడు దినాలు ఈమెను మాట్లాడియ్యద్దండి” అన్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నం రాగి గంజి పొలమారి ఊపిరాడలేదు. అప్పుడు పావగడ ఆస్పత్రికి, అక్కడి నుంచి అంబులెన్సులో తుమకూరుకు తీసుకుపోయారు.

సీటీ స్కాన్ చూసి డాక్టర్ కన్నడంలో మొదట అడిగింది ఎన్ని గంటలకు మొదలైందని. “నిన్న పొద్దున సార్” అన్నాడు నాగరాజు. డాక్టర్ పెన్ను కింద పెట్టాడు.

“స్ట్రోక్. మెదడులో ఎడమవైపు క్లాట్. నాలుగున్నర గంటల లోపల వచ్చి ఉంటే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే అవకాశం ఉండేది. ఇప్పుడు లేదు. మాట పోయిందే, దాన్ని అఫేజియా అంటారు.”

గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా కూడా వచ్చింది. ముక్కులో ట్యూబ్ పెట్టారు. రెండు వారాలకు ఇంటికి పంపారు. కాలు కొంచెం కదిలింది. నోట్లోంచి మాత్రం “ఊ”, “కాదు” తప్ప ఏమీ రాలేదు.

నొప్పి కంటే కష్టం ఒకటుంది. చూడను వచ్చినవాళ్ళు నా మంచం పక్కనే కూర్చుని నేను లేనట్టు మాట్లాడుకునేవాళ్ళు. వై.ఎన్.హొసకోట నుంచి వచ్చిన చుట్టాలామె నా ముఖం చూస్తూనే, “బుద్ధి పూరా పోయినాదంట పాపం. ఇట్లా ఉండి ఏం సుఖం?” అంది. నాకు ప్రతి మాటా అర్థమైంది. ఆ రోజుల్లో నాకు కావలసింది ఒక్కటే. నా తెలివి నాకు ఉందని ఇంట్లోవాళ్ళకు తెలియాలి.

వారానికోసారి పావగడలో స్పీచ్ థెరపీకి తీసుకుపోయేవాళ్ళు. చెప్పే అమ్మాయిది మడకశిర వైపు, తెలుగే మాట్లాడుతుంది. ఒక రోజు “ఒకటి నుంచి పది దంకా లెక్కబెట్టవ్వా” అంది. “ఒకటి” వచ్చింది. రెండు రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నోరు దాని దారిన అది పోయింది.

“ఉనో, దూయె, త్రె, క్వాత్రో, చింక్వె, సెయ్, సెత్తె, ఒత్తో, నోవె, దియేచి.”

నాగరాజు తల పట్టుకున్నాడు. “అయిపాయ. ఉన్నది గూడా పాయ.”

“గాలి ఏమన్నా సోకిందేమోప్పా. తాయెత్తు కట్టిద్దామా?” అంది సుజాత. ఇది రాస్తూ ఇప్పుడు సిగ్గుపడుతోంది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మళ్ళీ చెప్పమని ఫోన్లో రికార్డు చేసి, ఏదో వెతికి తలెత్తింది. “అన్నా, ఇది ఇటలీ లెక్క. ఒక్కటి గూడా తప్పు పోలేదు. మీయమ్మకు ఎవురు నేర్పినారు?”

“ఇటలీ యాడ, మాయమ్మ యాడ! తుమకూరు దాటి పోయిందే లేదు.”

“మరి బుద్ధి పోయినోళ్ళు ఇట్లా చెప్తారా? ఎప్పుడో బట్టీ పట్టిన లెక్కలు, పాటలు స్ట్రోక్ వచ్చినా ఒక్కోసారి నిలబడతాయి. అవ్వా, ఎవురు నేర్పినారు?”

చాలాసేపటికి “నాయన” అన్నాను. ఇంకాసేపటికి “కంచె” అన్నాను.

“ఏం కంచెమ్మా? మా సోలార్ పార్కు కంచెనా?”

“కాదు” అన్నాను. ఆ రోజుకు అంతే వచ్చింది. కానీ తిరుగు ప్రయాణంలో నాగరాజు “అమ్మా, నీళ్ళు కావల్నా?” అని నన్నే అడిగాడు. అంతకు ముందు రోజు వరకు ఆ ప్రశ్న సుజాతకు పోయేది.

ఆ అమ్మాయి ఆ కథనే నాకు పాఠంగా పెట్టింది. రోజుకు ఒక్క వాక్యం. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చి, కూడబెట్టుకున్న మాటలు సగం పోతే మళ్ళీ “నాయన” దగ్గర మొదలుపెట్టాను. ఇప్పుడు వరసగా చెప్పగలను.

రెండో ప్రపంచ యుద్ధం జరిగే కాలంలో మా నాయనకు పద్దెనిమిదేళ్ళు. ఇక్కడ వానలు లేక బెంగళూరు పోయి, ఊరి బయట మిలిటరీ క్యాంపు వంటశాలలో పనికి కుదిరాడు. క్యాంపులో ఒక వైపు మన పల్లెల నుంచి చేరిన పిల్లలకు శిక్షణ. తుపాకులు చాలక కొందరు కట్టె తుపాకులతో కవాతు చేసేవాళ్ళట. ఇంకో వైపు ముళ్ళ కంచె, దాని లోపల ఆఫ్రికా ఎడారి యుద్ధంలో పట్టుబడిన ఇటలీ ఖైదీలు. పొద్దునా సాయంత్రం రెండు వైపులా హాజరు లెక్క. ఖైదీల్లో ఒకడు తక్కువైతే అందరూ ఎండలో నిలబడాల్సిందే. వాళ్ళు పిండి పిసికి సన్నగా కోసి, బట్టల మాదిరి తాళ్ళ మీద ఆరేసేవాళ్ళట. చలిజ్వరంతో కొందరు అక్కడే చనిపోయారు. గుంతలు తవ్వినవాళ్ళలో నాయనా ఉన్నాడు.

రొట్టెలు లెక్కబెట్టి తీసుకునే ఖైదీ ఒకడు నాయనకు పది వరకు నేర్పాడు. యుద్ధం ముగిశాక వాళ్ళను రైలెక్కించారు. నాయన ఊరికి వచ్చి, కల్లంలో శనక్కాయలు కొలిచేటప్పుడు ఆ లెక్కే వాడేవాడు. తెలుగులో లెక్కబెడితే పక్కనవాళ్ళ మాటలు చెవిలో పడి తప్పుతుంది, ఇదైతే తప్పదు అనేవాడు. బస్తా పట్టుకుని నిలబడిన నాకూ అది పట్టుబడింది. ఇప్పుడు ఆ పొలం నిండా ప్యానెళ్ళున్నాయి, కొలిచే పని లేదు.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాను. బీపీ మాత్ర రోజూ వేసుకుంటాను. ఇదివరకు తలనొప్పి లేని రోజు మానేసేదాన్ని. మాట నెమ్మదిగా వస్తుంది, కొన్నిసార్లు రాదు.

మొన్న కథ మొత్తం విని నాగరాజు అడిగాడు: “అమ్మా, ఆ ఖైదీ పేరేందో తాత చెప్పలేదా?”

చెప్పాడు. వందసార్లు చెప్పాడు. నాయన పోయేవరకూ ఆ పేరు తలచుకునేవాడు. అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. ఎంత వెతికినా నా నోటికి రావడం లేదు. థెరపీ అమ్మాయిని అడిగితే, “వస్తాదని చెప్పలేనవ్వా” అంది. నాటు మందు దగ్గర గడిచిన ఆ రోజు నాలోంచి ఇంకా ఏమేం పోయాయో నాకు తెలియదు. ఆ పేరు పోయిందని మాత్రం తెలుసు.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చేయి వాలినా, ఒక మాటకు ఇంకో మాట వచ్చినా, వెంటనే టైం చూసుకుని స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకుపోండి. సూది వద్దనే రామప్పలు మీ వీధిలోనూ ఉంటారు. వాళ్ళతో వాదించకండి. బండి ఎక్కించండి.